దింపుడు మంటపం

ఫిబ్రవరి 11, మంగళవారం

మంటపం కాళ్లకు నంబర్లు ఏసినారు. పసుప్పచ్చ పెయింటు, గొర్రెలకు గుర్తు ఏసినట్ల. రోడ్డు వెడల్పు చేస్తారంట, మంటపం అడ్డం ఉండాదంట. రాళ్లు ఊడబెరికి పక్కన పెట్టి, తర్వాత ఇంకో చోట నిలబెడతారంట. తర్వాత అంటే ఎప్పుడప్పా అని సర్వే పిల్లోణ్ని అడిగినా. శాంక్షన్ అయినాక అన్నాడు, నా మొగం చూడకుండా. వాని నోట్లో మన్నుబడ.

మా ఆయనకు చెప్పలేదు. ఈ పొద్దు డయాలసిస్. బస్సులోనే నిద్రపోయినాడు.

ఫిబ్రవరి 12

ఎవురో చెప్పేసినారు. ఆయన నవ్వినాడు. అయితే నేను తొందరగా పోవల్ల, లేకుంటే నన్ను యాడ దించుతారు అన్నాడు. ఇదేమన్నా నవ్వే మాటనా?

మా ఊర్లో అన్నిటికీ ఆ నాలుగు కాళ్ల మంటపమే. కొత్త కోడలు ఊర్లోకి వచ్చే ముందు ఆడ కూర్చొని మొగుని పేరు చెప్పల్ల. మనిషి పోతే సుడుగాటికి పొయ్యే దోవలో పాడె ఆడ దించి, చెవిలో మూడు తూర్లు పేరు పెట్టి పిలవల్ల. పానం ఏమన్నా మిగిలుంటే లేస్తాడని. ఆడోళ్లు ఆడి నుంచే వెనక్కి తిరగల్ల.

ఒక కాలి మీద చేపలు. ఒక కాలి మీద ముక్కు ఇరిగిపోయిన ఆటగత్తె. కప్పులో తామరపువ్వు, అది ఎల్లకిలా పండుకుంటేనే కనబడేది. ఎండాకాలం మధ్యాన్నాలు ఆయన ఆడనే పండుకునేవాడు. ఆ పువ్వు నాకూ పీనుగులకే తెలుసు అని నన్ను ఉడికించేవాడు.

పెండ్లప్పుడు నన్నూ ఆడ కూర్చోబెట్టినారు. ఆయన నా పేరు గట్టిగా చెప్పేసినాడు. నాకు నోరు రాలేదు. ఆడబిడ్డలు ఇడిసిపెట్టలేదు, చెప్పు చెప్పు అని గిల్లినారు. అంతలోకే వాన. మా ఊర్లో వాన! అందరూ ఆరబోసిన చెనక్కాయల కాడికి పరిగెత్తినారు. కొత్త కోడలిని ఎవురు చూస్తారు? పేరు చెప్పకుండానే ఊర్లోకి వచ్చేసినా. అప్పటి నుంచి ఆయనది ఒకటే పాట, నా పేరు బాకీ ఉండావు అని.

ఫిబ్రవరి 18

ఆస్పత్రి కౌంటర్లో కొత్త పిల్ల. పేషెంట్ పేరు అనింది. ఆధార్ కార్డు చూపించినా. చదువు రాదా అమ్మా అనింది. పొద్దస్తమానం రిజిస్టర్లు రాసే అంగన్‌వాడీ టీచర్ని నేను! ఒళ్లు మండింది.

రాయదుర్గం నుంచి త్రివేణి ఫోన్ చేస్తే చెప్పినా. నా కూతురు ఒకటే నవ్వు, కుట్టు మిషన్ల మోతలో కూడా వినపడింది. ఈ కాలంలో ఇదేందిమా అనింది. ఏమో, ఆయన పేరు నా నోటికి రాదు. రాయబోయినా చెయ్యి ఆడదు. నా సెంటర్లో ఒక పిల్లోనికి ఆయన పేరే, వాళ్ల తాత పేరంట. వాణ్ని బంగారూ అంటా. అటెండెన్స్‌లో కూడా బంగారూ అనే పిలిచి టిక్కు పెడతా. పేరులో సగం వస్తాదని చైత్రంలో వచ్చే నవమిని పానకం పండగ అంటా.

మార్చి 4

డాక్టరు ఇంక ఇంట్లోనే చూసుకోండి అన్నాడు.

మార్చి 9, ఆదివారం

తల తుడుస్తాంటే అడిగినాడు. మంటపంలో దించినప్పుడు నన్ను నువ్వే పిలువు అన్నాడు. కొడుకు లేడు కాబట్టి మా మరిది కొడుకు చిన్నప్ప పిలవల్ల. వాడు పిలిస్తే నేను లేయను, నువ్వు పిలిస్తే లేస్తా అన్నాడు. నోరు మూసుకో అని టవలు ఇసిరికొట్టి దొడ్లోకి పోయినా. బాగా ఏడ్సినా.

వచ్చి సరే అన్నా. ఒట్టు పెట్టమన్నాడు. పెట్టినా.

మార్చి 20

మంటపం పీకేసినారు. ఇన్ని వందల ఏండ్లది, జేసీబీకి ఒక పూట పని. రాళ్లు పక్కన బీడు నేలలో పడేసినారు. కప్పు రాయి ఎల్లకిలా పడుండాది. పువ్వును మొదటిసారి నిలబడి చూసినా. అంత పెద్దదని అనుకోలేదు.

మంచంలో నుంచి ఏం సప్పుడు అది అని అడిగినాడు. బోరు ఏస్తాండారు అన్నా. నీళ్లు పడినాయా అన్నాడు. పడినాయి అన్నా.

ఏప్రిల్ 6

పానకం పండగ. రెండు చెంచాలు తాగినాడు. బెల్లం తక్కువైంది అన్నాడు.

ఏప్రిల్ 11, శుక్రవారం

మొన్న తీసుకపోయినారు.

మంటపం ఉన్న చోట కంకర. యాడ దించల్లో ఎవురికీ తెలీలేదు. లారీలు హారన్ కొడతాండాయి. దించకుండానే పోదాం పెద్దమ్మా, ఎండ అన్నాడు చిన్నప్ప. ఆడోళ్లకు యాడ నిలబడల్లో తెలీలేదు, ఇంతకాలం ఆ మంటపమే కదా మాకు చెప్పేది. ఆగమనేది ఏమీ లేక నేను నడిచినా. బీడులోకి దిగి పువ్వు రాయి మీద చెయ్యి పెట్టినా. ఈడ దించండి అన్నా.

దించినారు. ఆయన పువ్వు ఆయన ఈపు కిందికి పోయింది. చిన్నప్ప వంగబోతే జరగరా అన్నా. ఆడోళ్లు పిలవరు అని ఎవురో అన్నారు. నేను ఒట్టు పెట్టినా, మీరు సల్లగుండండి అన్నా.

చెవి కాడ వంగినా. పసుపు వాసన. నోరు తెరిస్తే ఏమయ్యా అని వచ్చింది. మళ్లా ఏమయ్యా. మూడోసారీ అదే. పేరు గొంతు దాంకా వచ్చింది, దాటలేదు. అట్ల కాదు పెద్దమ్మా, పేరు పెట్టి పిలవల్ల అని నన్ను పక్కకు లేపినాడు చిన్నప్ప. వాడే పిలిచినాడు, మూడు తూర్లు, గట్టిగా.

లేయలేదు. వాడు పిలిస్తే లేయనని చెప్పే ఉండాడు కదా. పీనుగులు లేయవని నాకు తెలీదా? తెలుసు. అయినా నేను పిలిచింటే అని రాత్రీ పగలూ అదే. ఒక్క పేరు. ఆయన అడిగింది ఒక్క పేరు. ఏం నోరు ఇది, కాల్చల్ల దీన్ని.

ఏప్రిల్ 12

కూతురు అన్నం పెట్టింది. తిన్యా.

ఏప్రిల్ 24, పొద్దున 9:30

సెంటర్ తెరిచినా. అటెండెన్స్ పిలిచినా. చౌడేశ్వరి. రేఖ.

రామాంజి.

లేసి నిలబడినాడు. ఉండా టీచర్ అన్నాడు.