బీరువాలో బ్యాటరీ

ఏమండీ, లాప్‌టాప్ ముట్టుకోకండి. పొద్దున అప్‌డేట్ ఎక్కుతుండగా సగంలో కరెంటు పోయింది. వచ్చాక ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది. కరెంటు పోయినా నడవడానికే దానికి బ్యాటరీ ఇస్తారట. మీరేమో కొత్తది పాడవుతుందని తువ్వాలులో చుట్టి బీరువాలో దాచారు. తీసి బల్లమీద పెట్టాను. నాలుగింటికి రిపేరు షాపు షానవాజ్ విండోస్ మళ్లీ ఎక్కించే సీడీ తెస్తాడు. బ్యాటరీ పెట్టాకే పని మొదలెట్టమనండి. నా బీఎడ్ రిపోర్టు అందులోనే ఉంది, సోమవారం ఇవ్వాలి, పోకుండా చూడమనండి. నేను పొదిలి పెళ్లికి వెళ్తున్నా. పప్పు పొయ్యిమీద ఉంది.

నస్రత్

మరిచాను. బ్యాటరీ కింద మన పెళ్లికి మీరు పెట్టిన పట్టుచీర కనబడింది. పాడవుతుందని ఆరేళ్లుగా నేను దాచిందే. మడతల వెంట చిరిగి ఉంది. అలాగే కట్టుకుని వెళ్తున్నా.