తారు పూయని అతుకు

మార్గశిర మంగళవారం

కొడుకు దగ్గు తగ్గింది. కోడలి మోకాలి వాపు అలాగే ఉంది. ఏటి అవతల కూతురికి జ్వరం విడవలేదట. నాకేం, బాగానే ఉన్నాను.

ఆయన పోయాక ఇదే మొదటి పుట్టి పండగ. పూజకు ముందు ఎప్పటిలాగే మా పుట్టికి, ఆ గుండ్రటి బుట్టపడవకు, నీళ్లు దిగకుండా తారు పూస్తున్నాను. ఏడాదికోసారి ఎమ్మిగనూరు నుంచి వచ్చే మరిది గట్టు మీద అందరి ముందూ అరిచాడు.

"వదినా, మొగుడు పోయినదానివి, పండగనాడు పుట్టి ముడతావా? పక్కకు జరుగు!"

"నలబై ఏండ్లు పూసినాను గదప్పా, ఈపొద్దు ఈ చెయ్యి చేదైపాయనా?"

కొడుకు తల వంచుకుని నా ముందున్న తారు డబ్బా తీసేశాడు. ఆ కడుపుమంటతో, అడుగున ఒక అతుకుకు తారు పూయడం మిగిలిందని చెప్పకుండానే వచ్చేశాను. పూజ అయిపోయింది; ఇక ఆచారం ప్రకారం తొమ్మిది రోజులు పుట్టికి తారు తగలకూడదు. ఇప్పుడు చెబితే పండగ చెడగొట్టానంటారు. చెప్పకపోతే...

జ్వరంతో ఉన్న చెల్లెల్ని చూడటానికి కొడుకు ఆ పుట్టిలోనే ఏరు దాటుతాడట. ఎల్లుండి గురువారమే ప్రయాణం.