పొద్దున్నే మొండికేసే ట్రాక్టరు

బర్మామైన్స్, జంషెడ్‌పూర్
జూలై 14

అమ్మా రోహిణీ,

నాన్న దీవెనలు. ఇక్కడ మీ అమ్మా నేనూ బాగున్నాం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, మీ మావగారు నారాయణమూర్తి బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోనులో చెప్పకుండా రాసి మంచి పని చేసేవు. ఫోను చెవిలో పెట్టుకుంటే నాకు ఊఁ అనడమే గాని మాట రాదు. "ఆ ఊఁ కూడా నన్నే అనమంటాడు" అంటాది మీ అమ్మ.

నువ్వడిగిన వాటికి వరసగా చెబుతాను. బ్యాటరీ కొత్తది కొనాలా అన్నావు. అక్కర్లేదు. సెల్ఫు కొడితే ఇంజను జోరుగానే తిరుగుతోందని నువ్వే రాసేవు. టెక్కలి మెకానిక్కు ఇంజను విప్పాలన్నాడట. విప్పనివ్వకు. అంత అరిగిపోయిన ఇంజనయితే వేడెక్కేక కూడా బలం చాలదు. మీది పొద్దున్నే మొండికేస్తాది, ఒకసారి అందుకుంటే సాయంత్రం దాకా పొలం దమ్ము చేస్తాది.

పొగ వస్తోందా అని కిందటిసారి అడిగేను. సెల్ఫు కొట్టినంతసేపూ గొట్టంలోంచి పొగే లేదని రాసేవు. అక్కడ నాకు సగం తెలిసింది. తెల్లపొగ వచ్చి కూడా అందుకోకపోతే అది వేరే జబ్బు. పొగే లేదంటే డీజిలు లోపలికి వెళ్ళడం లేదు. తెల్లారేసరికి పైపులోకి గాలి దూరుతోంది.

మిగతా సగం నీ చివరి మాటలో ఉంది. ట్యాంకు నిండుగా ఉంటే వెంటనే అందుకుంటోంది, సగానికి దిగితే సతాయిస్తోంది అన్నావు. నిండుగా ఉన్నప్పుడు డీజిలు బరువు గాలిని రానివ్వదు. తగ్గేక పైపు అతుకు సందులోంచి గాలి పీల్చుకుంటాది. కారడం పెద్దగా ఉండదు, చెమ్మ పడుతుందంతే. ఆ చెమ్మకి దుమ్ము అతుక్కుని నల్లగా ఉంటాది, చూడు.

చెయ్యాల్సింది ఇది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు కింద కుళాయి మూసెయ్యి. ట్యాంకు నుంచి వచ్చే పైపు పంపుకి కలిసే చోట బోల్టు ఉంటాది, పదిహేడో నంబరు పానా పడతాది. ఆ బోల్టుకి అటొకటి ఇటొకటి రాగి వాషర్లు. పాతవి తీసేసి కొత్తవి వెయ్యాలి. శుభ్రంగా తుడవాలి, ఇసక రేణువు మిగిలినా మళ్ళీ మొదటికే. తరవాత కుళాయి ఇప్పి, ఫిల్టరు మీద చిన్న బోల్టు రెండు చుట్లు వదులు చేసి, చేతి పంపు కొట్టు. ముందు నురగ వస్తాది, కంగారు పడకు. బుడగ లేకుండా డీజిలు వచ్చేదాకా కొట్టి, అది కారుతుండగానే బోల్టు బిగించెయ్యి. బండి అందుకుంటాది. నాకేమీ అనుమానం లేదు.

కొత్త వాషర్లు నాలుగు అట్టముక్కకి కట్టి ఈ కవర్లోనే పెట్టేను. ఇక్కడ సాక్చి బజారులో కొలత చూసి తీసుకున్నాను. రెండు వేసి రెండు దాచు.

చూడకుండా అంత దూరం నుంచి ఆ బోల్టే అని ఎలా చెబుతున్నావు నాన్నా అంటావు. చెబుతాను.

డ్రైవరు అసిరయ్య డీజిలు తీసుకుని కిరసనాయిలు కలుపుతున్నాడని, అందుకే బండి మొండికేస్తోందని బావగారు పదిమందిలో దొంగ అన్నారనీ, ఊడుపులు అవగానే మానిపించేస్తానన్నారనీ రాసేవు. పదకొండేళ్ళుగా ఆ ట్రాక్టరు తోలుతున్న మనిషి.

వైశాఖంలో నేనొచ్చినప్పుడు ఆ పైపు మార్చింది నేనే కదా. కొత్త పైపు ఉంది, వాషర్లు లేవు. అసిరయ్య అన్నాడు, "మావా, పెద్దాయనకి సెప్పు. మోటారు సైకిలిత్తే టెక్కలెల్లి గంటలో తెచ్చెత్తాను."

బావగారు భోంచేసి పడుకున్నారు. పిల్లనిచ్చిన ఇంట్లో నేను నోరు తెరిచి ఏదీ అడిగి ఎరగను. విస్తట్లో కూర అయిపోయినా మారు అడగను, నువ్వు చూసే ఉంటావు. వాషరు కోసం ఆయన్ని లేపడమా? పాతవే పొయ్యిలో ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి మళ్ళీ వేసేను. ఇక్కడ నేను పనిచేసిన ఇంజన్ల షెడ్డులో అలా చేసేవాళ్ళం, కాని ముందు అద్దం మీద పెట్టి నున్నగా రుద్దేవాళ్ళం. ఆవేళ రుద్దలేదు. ఒకదాని అంచు నొక్కుకుపోయి ఉంది. చూసేను. చూసీ వేసేను. పైన నూలుదారం చుట్టి సబ్బు పామేను.

"ఇది ఆగుతాదేటి మావా?"

"ఆగుతాదిరా. నా చేతిపని."

"నీ సెయ్యికేటి మావా, బంగారం. వాసరే బాగోలేదు" అని నవ్వేడు.

బండి అందుకుంది. బావగారు లేచి వచ్చి, "టాటానగరం చెయ్యంటే ఇదీ!" అని వీధిలో అందరి ముందూ మెచ్చుకున్నారు. నేను తల దించుకున్నాను. సిగ్గనుకున్నారు. వాషరు సంగతి అప్పుడు చెప్పలేదు, రైలెక్కేటప్పుడూ చెప్పలేదు.

అసిరయ్యకి అంతా తెలుసు. దొంగ అన్న రోజున ఒక్క మాట బయటపెడితే బయటపడిపోయేవాడు. నా పరువు పోతుందని ఊరుకున్నాడు.

ఇందాక మీ అమ్మకి చెప్పేను. "రెండు నెల్లు ఈ మాట కడుపులో ఎట్టుకుని ఎలా తిరిగేవయ్యా! నీ సిగ్గుకి ఆడు మాట పడాలేటి? రాయి, ఇప్పుడే రాయి" అంది. పక్కనే కూచుంది. రాసేదాకా వంటింట్లోకి వెళ్ళనంది.

అమ్మా, బోల్టు ఇప్పడానికి ముందు ఈ కాయితం చదవాలి. బండి బాగయ్యేక చదివితే నాన్న అంత దూరం నుంచి కనిపెట్టేడని మళ్ళీ నన్నే మెచ్చుకుంటారు. అసిరయ్యని పిలిచి కూచోబెట్టు. బావగారి ముందు మొదటినుంచీ చదువు. సబ్బు సంగతి కూడా వదలకు.

అసిరయ్యా, నువ్వు నన్ను కాసేవు. నేను నిన్ను కాయలేదు.

బావగారూ, తప్పు నాది. అతను మీ డీజిలు చుక్క ముట్టలేదు. పదిమందిలో అన్న మాట పదిమందిలోనే వెనక్కి తీసుకోండి. మీ ఇంట్లో నేను ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

ఇట్లు,
మీ నాన్న
తవిటయ్య