అద్దం దగ్గర రేజరు

అన్నయ్యా,

ఫోన్ చేస్తుంటే ఎవరూ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం. దీన్ని ముట్టుకుంటే ఏమీ కాదు.

నాకు హెపటైటిస్ అని తెలియగానే వదిన నా కంచం, గ్లాసు వేరు పెట్టింది. తప్పు పట్టడం లేదు. నిరుడు మన చంటిదానికి వచ్చింది ఎ రకం. అది పాడైన నీళ్లు, తిండి వల్ల వస్తుంది, దానంతటదే తగ్గింది. అప్పుడేమో అందరం దాని ఎంగిలి కూడా తిన్నాం. నాది బి. ఇది రక్తంతో అంటుకుంటుంది, కంచంతో కాదు. సి కూడా రక్తంతోనే వస్తుంది. దానికి నయం చేసే మందుంది గాని టీకా లేదు. బికి టీకా ఉంది.

ఇదంతా ఎందుకంటే, "పిల్లలున్న ఇల్లు, త్వరగా సర్దుకో నాయనా" అని వదిన తొందరపెట్టిన హడావిడిలో నా రేజరు మీ అద్దం దగ్గరే మరిచిపోయాను. నీకు చేతికందిందల్లా నీదే. నా చొక్కాలన్నీ అలాగే పోయాయి.

దాన్ని వాడకు. ఇప్పటికే గీసుకుని ఉంటే, ఈ ఉత్తరం మడిచేలోపే ఆస్పత్రికి బయల్దేరు. పరీక్ష చేసి టీకా వేస్తారు. ఆలస్యమైతే అది అంతగా పనిచేయదట.

నా కంచం ఎన్నాళ్లు వేరుగా ఉన్నా ఫర్వాలేదు. ఒక్కసారి ఫోన్ ఎత్తి, గడ్డం మాసిందని చెప్పు చాలు.

నీ తమ్ముడు