ఎత్తే మనిషి లేరని రాయాలట

తణుకు

అక్కా,

మా ఆయన్ని నేను రోజూ ఎత్తి కూర్చోబెడుతున్నది ఇష్టంతోనా, ఇంకెవరూ లేకనా? పక్షవాతం వచ్చిన ఏటినుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. చక్రాల కుర్చీ బిల్లు ఆయన ఆఫీసువాళ్లు కట్టారు. మంచం మీంచి కుర్చీలోకి దించే లిఫ్టుకు మాత్రం, ఎత్తగల మనిషి ఇంట్లో లేరని నేను సంతకం పెడితేనే ఇస్తారట. నిన్న విచారణకొచ్చిన గుమాస్తా, "మీరున్నారు కదండీ" అన్నాడు. ఈయన మంచంలోంచే, "నేనే లేనని రాసుకోండి బాబూ, ఏ బిల్లూ ఉండదు" అన్నారు. నవ్వలేకపోయాను.

మెత్తటి పాత చీరలుంటే పంపు, ఆయన వీపు ఒరుసుకుపోతోంది. వినీల జ్వరం తగ్గిందా? బావగారికి వందనాలు.

నా నడుము ఇక ఆగేలా లేదు. సంతకం పెడితే, నేనూ వదిలేశానని ఆయన మనసు విరిగిపోతుంది. పెట్టాలో వద్దో నాకు తెలియడం లేదు.

నీ చెల్లి,
రూతు