హొరిబె కత్తిలో పగులు

అక్టోబరు 3
వంటింట్లో హొరిబె చేసిన కత్తి దొరికింది. సుమియె దాన్ని బియ్యం డబ్బా వెనక దాచింది. ఇరవై ఆరేళ్లుగా కత్తులు చేస్తున్నవాడి పెళ్లాం పరాయివాడి కత్తితో ముల్లంగి తరుగుతోంది. నిలదీస్తే, "మీరు చేసింది తడి తగిలితే చాలు తుప్పు పడుతుంది. రోజూ తుడిచి నూనె రాస్తూ కూచోవడానికి నాకు వేరే పని లేదా? దీనికి ఆర్నెల్లుగా సాన పట్టలేదు, తెలుసా" అంది.
ఆర్నెల్లు. అంటే ఆర్నెల్లుగా దాస్తోంది.

అక్టోబరు 4
ముల్లంగి ముట్టుకోలేదు.

అక్టోబరు 8
గురువుగారి దగ్గర హొరిబె నాకన్నా నాలుగేళ్లు వెనక చేరాడు. ఇనప ఇసుకను బొగ్గుల్లో కరిగించి తీసిన ఉక్కునే కొట్టాలి, మడిచి మళ్లీ కొట్టాలి అని మాకు నేర్పారాయన. వాడు మూడో ఏడే మానేశాడు. ఫ్యాక్టరీలో లోహపు పొడి నుంచి తయారయ్యే ఉక్కు కొనుక్కుని వంటకత్తులు మొదలుపెట్టాడు. ఇప్పుడు వాడి కత్తి కోసం పారిస్ వంటవాళ్లు రెండేళ్లు ఆగుతున్నారట. నావి గాజు పెట్టెల్లో ఉంటాయి. వాటితో ఎవరూ దేన్నీ కొయ్యరు.
ఆదివారం మ్యూజియంలో మా ఇద్దరి ఉక్కునూ జనం ముందు పోల్చి చూస్తారట. కడుపుమంటతోనే ఒప్పుకున్నాను.

అక్టోబరు 13, ఉదయం 9
హొరిబె తన కత్తి నా చేతికిచ్చి, "నువ్వొకసారి చూడన్నా. నువ్వు బాగుందంటేగానీ నాకు ధైర్యం రాదు" అన్నాడు. వెలుతురుకు తిప్పాను. అంచు దగ్గర వెంట్రుకంత పగులు. గురువుగారు నేర్పిన చూపుకి తప్ప కనపడదు.
బాగుంది అన్నాను.

అదే రోజు, సాయంత్రం 5
ముందు తాళ్లు కోశారు. నాది తొంభై కోతలకే మొద్దుబారింది. వాడిది నాలుగొందలు దాటాక కూడా కాగితాన్ని కోసింది. ఎన్ని చప్పట్లో. తర్వాత ఎండు వెదురు. నాది అంచు వంగింది, విరగలేదు. వాడిది రెండో దెబ్బకే విరిగింది. ముక్క ఎగిరి వాడి చెంప చీల్చింది. కంటికి అంగుళం కింద. ఏడు కుట్లు.
రక్తం కారుతుండగానే, "అన్న ఉక్కు వంగింది, నాది విరిగింది. గురువుగారే గెలిచారు" అన్నాడు. జనం చప్పట్లు నాకు కొట్టారు. తల వంచి అందుకున్నాను.

అక్టోబరు 14
సుమియె వాడి కత్తిని చెత్తలో వెయ్యబోయింది. విరిగి మీద పడితే ఎలా అంటుంది. అది మంచి కత్తి, ఉంచు అన్నాను. నా మొహంలోకి వింతగా చూసింది.

అక్టోబరు 16
హొరిబె ఇంటికి వెళ్లి చెప్పేశాను. పగులు కనపడింది, కనపడే బాగుందన్నాను అని. వాళ్లావిడ టీ పెట్టి లోపలికి వెళ్లేదాకా వాడు ఆగి, "కన్ను పోయుంటే?" అన్నాడు. ఇక వెళ్లమన్నాడు.
గుమ్మం దాటాక వెనక్కి పిలిచి ఒక పెట్టె చేతిలో పెట్టాడు. విరిగినదానితో పాటు ఒకే విడతలో కాల్చి చల్లార్చిన కత్తులు, పదకొండు. "రేపు ఎవరెవరి చేతుల్లోకో వెళ్లేవి ఇవి. ఈసారి నిజం చెప్పన్నా" అన్నాడు.

అక్టోబరు 17
పదకొండూ చూశాను. ఒక్కదాంట్లోనూ లోపం లేదు.
ఎంత వెతికానో.