చిన్న బెల్టుకు పదేళ్ళు

అల్లూరు,
9-2-2026.

అన్న పెంచలకృష్ణకు, తమ్ముడు హజరత్తయ్య దండాలు పెట్టి రాసేది. ఇక్కడ అమ్మా, నేనూ, గేదే, మొన్న పుట్టిన దూడా, నలుగురం బాగున్నాం. అక్కడ పరదీప్‌లో నువ్వు, ఉషారాణి వదిన, పాప వెన్నెల చల్లగా ఉండాలని అమ్మ పొద్దున్నే దీపం ముందు చెప్పుకుంటూ ఉంటుంది. నేను పక్కన నిలబడి ఊ కొడుతుంటాను.

నీ ఉత్తరం గురువారం అందింది. ఈ కాలంలో ఉత్తరమేందబ్బయా అని పోస్టుమాన్ నవ్వాడు. "ఫోన్లో చెబితే మాట మారుస్తారు, కాగితం మీదుంటే మార్చలేరు" అని నువ్వు రాసిన ముక్క చదివాక నాకు నవ్వు రాలేదు. అమ్మ నా చేత మూడుసార్లు చదివించుకుంది. ఆమె మోకాలు గురించి అడిగావు. డాక్టరిచ్చిన మాత్రలు డబ్బాలో పెట్టి, ఎవరో చెప్పిన తైలం రాసుకుంటోంది. చెబితే వినదు. నా పని గురించి అడిగావు. గుంటల మీద మేత వేస్తున్నాను. ఈసారి తెల్లమచ్చ తెగులొచ్చి రెండు గుంటల రొయ్యలు పోయాయి. వాటిని నేనే పీక నొక్కి చంపినట్టు చూస్తాడు మా యజమాని. ఆరు రోజులు రొయ్యలు, ఏడో రోజు రింగులో రిఫరీ పని. రొయ్యలూ నా మాట వినవు, కుస్తీ పట్టేవాళ్ళూ వినరు.

ఇక నువ్వు అడిగిన పెద్ద సంగతులు. ఈ ఉత్తరం వదిన కూడా చదవాలి. ఆమెకు రింగు సంగతులు తెలియవు కాబట్టి నీకు తెలిసినవి కూడా విప్పి రాస్తాను, విసుక్కోవద్దు.

మొదటిది, బోర్డు. ఈ ఇరవై రెండో తేదీ ఆదివారం, కుస్తీలో గెలిచినవాడికి కట్టే చిన్న బెల్టుకు పదేళ్ళ పండగ చేస్తున్నారు, నిన్ను రమ్మన్నదీ దానికే. మా కుస్తీలు నడిపే మాల్యాద్రి గారు పెద్ద ఫ్లెక్సీ వేయిస్తున్నారు. ఎవరు ఎప్పుడు గెలిచారు, ఎన్ని రోజులు ఉంచుకున్నారు, ఎలా పోగొట్టుకున్నారు, అన్నీ వరుసగా. లెక్క పెట్టేవాడికే లెక్కలు తెలుస్తాయని ఆ పని నా నెత్తిన పెట్టారు. నీ పేరే ముందుంది, దాని గురించి దిగులు పడొద్దు. 2016 ఫిబ్రవరి 14 నుంచి 2018 నవంబరు 4 దాకా. తొమ్మిది వందల తొంభై నాలుగు రోజులు. వేళ్ళ మీద కాదు, క్యాలెండర్లు ముందేసుకుని లెక్కపెట్టాను. ఇంకొక్క ఆరు రోజులు ఉండుంటే వెయ్యి.

ఆ చరిత్ర రాస్తుంటే నాకు ఎంత చిరాకేసిందో ఏం చెప్పను. పెద్ద బెల్టుకేం, దానికోసం మద్రాసు నుంచీ బెంగళూరు నుంచీ వస్తారు, ఫొటోలు దిగుతారు. మన సముద్రం పక్క ఊళ్ళవాళ్ళకు ఏదో ఒకటి ఉండాలని రేవు బెల్టు పెడితే, మొదటి రోజు నుంచే అందరూ దాన్ని చిన్న బెల్టన్నారు. దాని మీద ఇత్తడి బిళ్ళలో అల గీయిస్తే చూసిన ప్రతివాడూ రొయ్య అనుకున్నాడు. నీ చేతిలో ఉన్నన్నాళ్ళు దానికి పరువుండేది. తర్వాత వినోద్ చేతికొచ్చింది. వాడికి కృష్ణపట్నంలో కరెంటు ప్లాంటు ఉద్యోగం రాగానే బెల్టు ఇంట్లో మేకుకు తగిలించి కంపెనీ బస్సెక్కాడు. ఐదు నెలలు ఒక్క పోటీ లేదు. కరోనా రెండేళ్ళు మాల్యాద్రి గారి మేతల కొట్లో బస్తాల మధ్య పడుంది. బయటికి తీస్తే చేపపిండి కంపు. ఆ తర్వాత పులికాట్ అవతల నుంచి మాథ్యూ అని ఒకడొచ్చి గెలిచాడు. పదకొండో రోజున మెడ పట్టిందని వదిలేసి పోయాడు. గిరిబాబు మూడుసార్లు గెలిచాడు, మూడుసార్లూ చినుకుల్లోనే. వానకు జనం లేచిపోతే, ఎవరు గెలిచారో చూసినవాడు నేనొక్కడినే. ఇదీ చరిత్ర. దీనికి ఫ్లెక్సీ ఒకటి.

అయినా కూర్చుని రాశాను. ఒక్క గడి దగ్గర తప్ప ఎక్కడా పెన్ను ఆగలేదు. ఆ గడి సంగతే నువ్వు రెండో ప్రశ్నగా అడిగావు. "నేను బెల్టు పోగొట్టుకున్నది ఎట్టా అని రాస్తున్నారో చూస్తాను" అని.

మూడో ప్రశ్న అసలుది. మాల్యాద్రి గారు మైకు పట్టుకుని, ఆ రోజు పెంచలకృష్ణను నేనే మోసం చేసి ఓడించానని జనం ముందు ఒప్పుకోవాలి, అప్పుడే రింగెక్కుతాను, లేకపోతే ఈ జన్మకు అల్లూరులో అడుగుపెట్టను అని రాశావు. ఏడేళ్ళుగా నెల్లూరు దాకా వస్తావు, వదిన వాళ్ళ బంధువుల ఇంట్లో దిగుతావు, అమ్మను అక్కడికే పిలిపించుకుంటావు. ఆమె మోకాలితో బస్సెక్కి దిగే సంబడం నీకు తెలియదు.

నీ షరతు ఆయనకు చెప్పడానికి శుక్రవారం కొట్టుకు వెళ్ళాను. ఆయన్ను నువ్విప్పుడు చూస్తే గుర్తుపట్టవు. నిరుడు షుగరుకు కుడికాలి వేళ్ళు రెండు తీసేశారు. రింగు మెట్లు ఎక్కలేరు, ఇద్దరం చెరో చెయ్యి పట్టుకోవాలి. ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపించాను. అరుస్తారనుకున్నాను.

"అంతేనా? చెప్తాలే. నేనే చేయించినానని చెప్తా. వాడొచ్చి రింగులో నిలబడితే చాలు" అన్నారు.

"చేయనిది చేసినానని ఎట్టా చెప్తారు మీరు?" అన్నాను.

"ఒరే హజరత్తూ, మన యాపారమే అది గదరా. ఓడనోడు ఓడినట్టు, దెబ్బ తగలనోడు తగిలినట్టు. నేనొక్క పూట మోసం చేసినోడిలాగ నిలబళ్ళేనా?"

ఆయన అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది అన్నా. ఆయన మీద, నీ మీద, నీ ఉత్తరం మీద. కొట్టు బయటికొచ్చి సైకిల్ స్టాండును తన్నాను, బొటనవేలు గోరు లేచిపోయింది. ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను. అత్త మీద కోపం దుత్త మీద. అసలు ఎవరి మీద అరవాలో ఆ రాత్రంతా తెలుస్తూనే ఉంది.

వదినా, మీకోసం రాస్తున్నాను. మా కుస్తీలో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. దెబ్బలు నిజం, ఫలితం ముందే తయారు. ఎదుటివాడి భుజాలు రెండూ మ్యాట్‌కు ఆనించి, రిఫరీ మూడుసార్లు అరచేత్తో కొట్టేదాకా పట్టి ఉంచితే గెలిచినట్టు. మూడో దెబ్బకు ముందే భుజం లేస్తే రిఫరీ చెయ్యి ఆపాలి. లేవకపోతే, లేవాలని ముందు అనుకున్నా సరే, ఆపకూడదు. ఆపితే మన గుట్టు జనానికి తెలిసిపోతుంది. మాల్యాద్రి గారు నాకు నేర్పిన మొదటి పాఠం అదే.

ఆ రోజు తోటపల్లి గూడూరులో, బియ్యం మిల్లు కళ్ళంలో వేశాం రింగు. నువ్వు గెలవాలి. గెలిచి, జనవరిలో నెల్లూరులో పెద్ద బెల్టుకు పోటీ పడాలి. దానికోసం నువ్వు ఎన్నేళ్ళు కాచుకున్నావో నాకంటే ఎవరికి తెలుసు. వినోద్ నిన్ను పడేశాడు. నేను ఒకటి కొట్టాను, రెండు కొట్టాను, మూడూ కొట్టాను. నువ్వు లేచి నా మొహంలోకి చూశావు. మాల్యాద్రి గారు పరిగెత్తుకొచ్చి, "భుజం లేచిందా లేదా?" అని అడిగారు. లేవలేదన్నాను. తర్వాత మిల్లు వెనక నువ్వు నా చొక్కా పట్టుకుని, "ఆయన చెప్పినాడా నీకు? ఆయనే గదా కొట్టమన్నాడు?" అన్నావు. నేను తల దించుకున్నాను. అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. "పోన్లేరా, చెప్పినట్టు చేసినావు, నువ్వేం చేస్తావు" అని నా భుజం తట్టి, నేరుగా ఆయన దగ్గరికి పోయి ముఖాన ఉమ్మినంత పని చేశావు. ఆ సాయంత్రమే బెల్టుతో పాటు మమ్మల్నందరినీ వదిలేశావు.

నీ భుజం లేచింది అన్నా.

జానెడు లేచింది. నేను చూశాను. నీ బనీను మీద ఇసుక మరక కూడా కనిపించింది. ఎవరూ నాకేమీ చెప్పలేదు. ఎవరూ కొట్టమనలేదు.

ఎందుకు కొట్టానంటావు. ఆ మధ్యాహ్నం బూట్లకు తాడు కట్టుకుంటూ నువ్వు గిరిబాబుతో అన్నావు. వచ్చే నెల ఒక పోటీలో నన్ను దించుదామని మాల్యాద్రి గారు నా పేరు రాస్తే, నువ్వే కొట్టేయించావట. "వాడా? వాడు మూడు దాకా లెక్కపెట్టడానికే సరిపోతాడు, నాలుగంటే తడబడతాడు" అన్నావు. అందరూ నవ్వారు. నేను గుడారం అవతల నీళ్ళ క్యాను పట్టుకుని నిలబడున్నాను. మూడేళ్ళు రోజూ తెల్లవారుజామున ఇసుకలో దొర్లాను, ఒక్కసారి రింగులో పడటానికి. నువ్వు నాకు దెబ్బ తగులుతుందనే అన్నావేమో, అమ్మకు ఏం సమాధానం చెప్పాలనే భయపడ్డావేమో. ఆ సంగతి తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం కుళ్ళు. ఇంకో మాట లేదు దానికి. మూడు దాకా లెక్కపెట్టడమే కదా నా పని, పెట్టి చూపిస్తాననుకున్నాను. అర సెకను అది. చెయ్యి కింద పడ్డాక దాన్ని వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు. తర్వాత ఒక్కో రోజూ గడిచేకొద్దీ ఇంకా కాలేదు. నువ్వు ఫోన్లో ఆయన్ను తిట్టిన ప్రతిసారీ, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను మాట మార్చేవాణ్ణి.

శనివారం పొద్దున మళ్ళీ కొట్టుకు వెళ్ళి మాల్యాద్రి గారికి చెప్పేశాను. ఆయన మేత తూస్తున్నారు. తక్కెడ ఆపలేదు.

"లేచిందా?" అన్నారు.

"లేచింది."

"ఆ పూటే చెప్పుంటే మైకు తీసుకొని, రిఫరీ తప్పు అని చెప్పి మళ్ళా ఆడించి ఉందును గదరా. నిమిషం పని. దానికి ఏడేళ్ళా?"

నిమిషం పని. ఆ మాట రెండు రోజులుగా తలలోంచి పోవడం లేదు. ఏడేళ్ళు మీ ఇద్దరినీ విడదీసింది ఒక పెద్ద కుట్ర అయ్యుంటే నాకు ఇంత ఏడుపు వచ్చేది కాదు. నిమిషంలో సరిదిద్దుకునే దాన్ని నేను ఏడేళ్ళు మోశాను, మీ చేత మోయించాను.

నేనే మైకులో ఒప్పుకుంటానన్నాను. ఆయన మొదటిసారి తల ఎత్తి చూశారు. "ఒప్పుకో. ఈలలేస్తారు. ఈసారి కథ బాగా కట్టినారంటారు. మన నోటి మాటకు రింగులో ఉండే విలువ అంతే. మీ అన్న నమ్మాలంటే జనం లేని చోట చెప్పు" అన్నారు. తర్వాత, "ఆ రిఫరీ చారల చొక్కా ఉతికి ఇచ్చేసి పో. ఆదివారం గిరిబాబు లెక్క పెడతాడు" అన్నారు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. చొక్కా ఇచ్చేశాను. ఫ్లెక్సీలో ఆ గడిలో ఏం రాయాలని అడిగితే, జరిగింది రాయమన్నారు. "రిఫరీ హజరత్తయ్య తప్పుడు లెక్క" అని రాయించాను. ప్రెస్సు వాళ్ళకు శనివారమే ఇచ్చేశాను, ఇక మార్చలేను.

అన్నా, ఆయన ఆదివారం మైకు పట్టుకోరు, నువ్వూ అడగొద్దు. నువ్వు రావాలి. నాకోసం కాదు, ఆయన కోసం. ఏడేళ్ళు నువ్వు అన్న మాటలన్నీ ఒక్కటి కూడా తిప్పికొట్టకుండా పడ్డ మనిషి. ఆయన చెయ్యి పట్టి మెట్లెక్కించడానికి రెండోవైపు నువ్వుండు. అమ్మకు ఇంకా చెప్పలేదు. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేసొచ్చి చెబుతాను.

నా మీద నీకు ఎంత కోపం వస్తుందో తెలుసు. కొట్టాలనిపిస్తే కొట్టు. రింగు దగ్గర మాత్రం వద్దు, చప్పట్లు కొడతారు. ఇంటికి రా. దొడ్లో కొట్టు. చెయ్యి అడ్డం పెట్టను.

ఇట్లు,
నీ తోడబుట్టిన తమ్ముడు
హజరత్తయ్య